రోగి గుణములు నాలుగు



ఈ సాయంకాలము ఏదైన పురాణఘట్టమును చెప్పుదునని తలచి మీరు వచ్చియుందురు. పురాణమును రేపు చెప్పుకొందము. పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము కర్మాగారములలో పనిచేయు కుటుంబములనుండి మన ఆలయమునకు వచ్చువారిలో ఊపిరితిత్తుల క్యాన్సరునకు చికిత్స పొందుచున్నవారును కలరు. అర్చన ముగిసిన పిదప వారి ఇంటివారు మెల్లగా అడుగు ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరుగ ఉండును. ఈ బాధను ఓర్చుకొనవలసినదేనా? మందు మానవచ్చునా? ఇది పూర్వకర్మయా? కావున నేటి ప్రసంగము వారికొరకే.

చరకసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయమునందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణములు ఉండవలెనని ఆ మహర్షి నిర్ణయించెను. రోగికి చెప్పినవి స్మృతి, నిర్దేశకారిత్వము, అభీరుత్వము, జ్ఞాపకత్వము. చెప్పినది గుర్తుంచుకొనుట, వైద్యుని మాట పాటించుట, భయపడకుండుట అను మూడును అందరికి తెలిసినవే. నాలుగవదానినే మనము విడిచితిమి. జ్ఞాపకత్వమనగా మనము నిత్యము వాడు జ్ఞాపకము కాదు. తన శరీరమున జరుగుచున్నదానిని వైద్యునకు తెలియజేయుట. నోరు మెదపక సహించుటను చరకుడు రోగి గుణములలో చేర్చలేదని గమనింపుడు.

మన ప్రాంతపు రోగి ఏమి చేయుచున్నాడు? పెద్ద ఆసుపత్రిలో మూడు గంటలు వరుసలో కూర్చుండును. తన వంతు వచ్చి డాక్టరుగారు "ఎట్లున్నది?" అని అడుగగా, "మంచిగనే ఉన్న సారూ" అనును. అంతటితో మాట ముగియును. చేతివ్రేళ్లు మొద్దుబారి చొక్కా గుండీ పెట్టుకొనలేని సంగతి, చెవులలో హోరుమను సంగతి, నాలుగు దినములుగా అన్నము లోనికి పోని సంగతి ఇంటికి తిరిగివచ్చు బస్సులో భార్యకు చెప్పును. సిస్‌ప్లాటిన్ అను మందు నరములను, చెవులను, మూత్రపిండములను బాధించునని వైద్యులకు తెలియును. ఆ మాట వారి చెవిని పడినచో మోతాదు తగ్గించుటయో, మరియొక మందునకు మార్చుటయో చేయగలరు. బస్సులో చెప్పిన మాటకు ఎవరు ఏమి చేయగలరు?

అన్నిటికంటె ముఖ్యమైనది జ్వరము. కీమోథెరపీ ఎక్కించిన పిదప సుమారు ఏడవ దినమునుండి పదునాలుగవ దినము వరకు రక్తములోని తెల్లకణములు తగ్గియుండును. ఆ సమయమున 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరము వచ్చినచో అది సామాన్య జ్వరము కాదు. పారాసిటమాల్ బిళ్ల వేసి తెల్లవారువరకు చూతమనుకొనుట ప్రాణాపాయము. అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోయి, "కీమో తీసికొన్నాము" అని మొట్టమొదట చెప్పవలెను. థర్మామీటరు లేని ఇంట కొబ్బరికాయలు కొట్టుటను నేను భక్తి యనలేను.

వాంతి మందులను వాంతి వచ్చిన తరువాత వేసికొనువారు కొందరు. వ్రాసియిచ్చిన వేళకు ముందుగానే వేసికొనవలెను. ఛాతికి రేడియేషన్ పెట్టించుకొనువారికి రెండు మూడు వారములలో అన్నవాహిక మండును. కారము, అతివేడి విడిచి పెరుగన్నము, జావ, మెత్తని పప్పన్నము తీసికొనవలెను. రేడియేషన్ ముగిసి నెల నుండి కొన్ని మాసములలోగా పొడిదగ్గు, ఆయాసము క్రొత్తగా వచ్చినచో చలి తగిలినదని ఊరకుండరాదు. అది ఊపిరితిత్తుల వాపు కావచ్చును. దానికి చికిత్స కలదు. కొందరికి ఈ కాలమున సూది మందు గాక నోటిబిళ్లలే ఇచ్చుచున్నారు. వానివలన ముఖమున మొటిమలవంటివి లేచినచో సిగ్గుపడి తామే మానుచున్నారు. పసరు మందులు, భస్మములు చాటుగ వాడుచున్నవారు ఆ సంగతియు చెప్పవలెను. కాలేయము చెడినపుడు ఏ మందు చెరచెనో వైద్యునకు అంతుపట్టదు.

ఇక ఇంటివారి మాట. రోగికి వ్యాధి పేరే చెప్పవద్దని డాక్టరును బ్రతిమాలు కుమారులను నేనెరుగుదును. ప్రేమచేతనే అట్లు చేయుదురు. కాని తనకు ఊపిరితిత్తిలో ఏదో నిమ్ము అని నమ్మినవాడు తన లక్షణములకు విలువ నిచ్చుట ఎట్లు? చెప్పు తీరున చెప్పినచో అతడు తట్టుకొనగలడు. ఇంటిలోని గుసగుసలను అతడెట్లును వినుచునే యుండును.

కర్మ సంగతి. విమానస్థానమున చరకుడే ఆయుర్దాయమునకు దైవము, పురుషకారము రెండును కారణములని చెప్పెను. దైవమును మాత్రము పట్టుకొని పురుషకారమును విడుచుట శాస్త్రము కాదు. పొగత్రాగనివారికిని ఈ వ్యాధి వచ్చుచున్నది. కట్టెలపొయ్యి ముందు జీవితమంతయు గడపిన తల్లులకును వచ్చుచున్నది. బయటి గాలి కాలుష్యము క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2013లో ప్రకటించినది. నక్కవాగు ప్రక్కన నివసించు మనకు ఆ మాట క్రొత్తదిగ తోచదు. అయినను ఒక మనిషికి ఏ పొగవలన వచ్చినదో వేలెత్తి చూపుట వైద్యునికిని సాధ్యము కాదు. "ఏమి పాపము చేసినాడో" అని రోగి మంచము ప్రక్క అనువారు ఆ మాటను ఆపవలెను. బీడీ మానుమని చెప్పుట వేరు. చికిత్స నడుచుచుండగా మానినను మేలే.

ధనములేక మానువారు కలరు. 1955లో మెహదీ నవాజ్ జంగ్ గారు స్థాపించిన ఎం.ఎన్.జె. ఆసుపత్రి హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో నేటికిని పేదలను చూచుచున్నది. అచట నొప్పిని తగ్గించు విభాగము ప్రత్యేకముగ కలదు. మార్ఫిన్ పేరు విని జంకనక్కరలేదు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరున పది లక్షల రూపాయలకు పెరిగినది. ఈ.ఎస్.ఐ. కార్డు గల కార్మికులు మరియొకటి తెలిసికొనవలెను. రెండేండ్లు ఎడతెగక ఉద్యోగమున ఉండి, చందా నియమములు పూర్తిచేసినవారికి క్యాన్సరు వంటి దీర్ఘవ్యాధులందు వేతనములో ఎనుబది శాతము రెండేండ్లవరకు ఇచ్చు ఏర్పాటు కలదు. జీతము పోవునని భయపడి షిఫ్టునకు పోవుచు కీమో తప్పించుకొన్నవారికి ఈ సంగతి ఎవరును చెప్పకపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

మ్రొక్కుబడుల విషయము అడిగినారు. కీమో నడుచుచుండగా కటిక ఉపవాసము వలదు. ఏకాదశియు, శివరాత్రియు ఆతురులకు సడలింపుగలవే. జుట్టు రాలినచో అమంగళమని తల్లులు ఏడ్చుచున్నారు. స్వామికి తలనీలాలిచ్చి నవ్వుచు తిరిగివచ్చు జాతి మనది. ఆ జుట్టు తిరిగి మొలచును. తెల్లకణములు తగ్గిన దినములలో కోనేటినీటి తీర్థమును నోటిలో పోసికొనక కన్నులకు అద్దుకొనుడు. ఝరాసంగమున కేతకీవనపు నీట స్నానమాడి కుపేంద్ర మహారాజు రోగవిముక్తుడాయెనని స్థలపురాణము. ఆ స్వామిని దర్శింపగోరు రోగులు చికిత్స ముగిసి, రక్తపరీక్ష బాగుగ వచ్చిన పిదప డాక్టరును అడిగి బయలుదేరుడు. శివరాత్రినాడును, కార్తీక సోమవారమునాడును జనసమ్మర్దము మెండు. బుధవారమో గురువారమో ఉదయమే వెళ్లినచో మంటపమున కూర్చుండి తీరికగ దర్శించుకొనవచ్చును.