వేసవికి ఒక పాటల దండ

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ మాట ఎలా వున్నా, మా గుంటూరులో ఆ కార్తె రాకముందే ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవాలి, ఆవకాయ జాడీలోకి వెళ్ళిపోవాలి. ఈ వేసవిలో మా వీధిలో నాలుగిళ్ళవాళ్ళం కలిసి ఇరవై కిలోల మిరపకాయలు తెప్పించుకున్నాం. ఎండబెట్టటం సూర్యుడి పని. తొడిమలు తీయటం మాత్రం మన పనేగా! వేళ్ళు మండుతాయి, తుమ్ములు ఆగవు, పని తరగదు. కబుర్లు మాత్రం ఎంతసేపని చెప్పుకుంటాం? “పాటలేవైనా వుంటే బాగుండు” అన్నాను నేను.

అదే నేను చేసిన పొరపాటు. సెలవులకు వచ్చిన మా అమ్మాయి “వుండమ్మా, నేను పెడతా” అని ఒక చిన్న స్పీకరు తెచ్చి మా మధ్య పెట్టింది. ఇక చూడండి, ధబ్ ధబ్‌మని దరువు, దానిమీద ఎవరో ఊపిరాడకుండా గబగబా మాటలు! పక్కింటి పిన్నిగారు చెవులు మూసుకున్నారు. “ఇదేం పాటే, ఎవరైనా మనల్ని తిడుతున్నారా?” అన్నాను.

అది నవ్వి, “నువ్వు చిన్నప్పుడు క్యాసెట్లు నింపించుకునేదానివిగా అమ్మా! ఇదీ అంతే. సోల్, ఫంక్, హిప్‌హాప్ అని మూడు రకాల పాటలు ఏరి వేసవికోసం దండ గుచ్చాను” అంది.

పాటల దండ అన్నమాట నాకు నచ్చింది. ఇవాళ మీతో ఆ దండ సంగతే ముచ్చటిస్తాను.

మనలో నలభై దాటినవాళ్ళకు క్యాసెట్టు సంగతి చెప్పనక్కర్లేదు. 1963లో ఫిలిప్స్ కంపెనీవాళ్ళు దాన్ని తెచ్చారు. మన ఇళ్ళకు చేరేసరికి చాలా ఏళ్ళే పట్టింది. సి-60 అంటే పక్కకు అరగంట, సి-90 అంటే పక్కకు ముప్పావుగంట. కావలసిన పాటలు కాగితంమీద రాసి రికార్డింగ్ షాపులో ఇస్తే నాలుగు రోజులకు నింపి ఇచ్చేవాళ్ళు. ఆ కాగితం రాయటానికే మేము రెండు రోజులు కుస్తీ పట్టేవాళ్ళం. ముప్పావుగంటలో పది పాటలు పడితే, పదకొండోది సగంలో తెగిపోతుంది కదా! అంచేత ఏది వుంచాలి, ఏది తీసెయ్యాలి, దేని తర్వాత ఏది రావాలి అని లెక్కలు. ఇప్పుడు ఫోనులో వెయ్యి పాటలు పడతాయి. చోటు కొరత లేదు కాబట్టి ఏరటం మానేశాం. కుప్పగా పోసిన పూలు దండ కావు కదండీ!

సరే, మా అమ్మాయి పెట్టిన ఆ మూడు రకాల పాటలేమిటో అడిగి తెలుసుకున్నాను. చెబితే మీరూ ఆశ్చర్యపోతారు, వాటి వేర్లు పత్తిచేలల్లో వున్నాయి. అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో నల్లవాళ్ళను బానిసలుగా పెట్టి పత్తి తీయించేవారు. అక్కడ ఒకరు ముందు పాడితే తక్కినవాళ్ళు వంత పాడేవారు. ఆ వంతపాటే వాళ్ళ చర్చిలోకి వెళ్ళింది. చర్చి పాడే తీరును మామూలు కష్టసుఖాల పాటలోకి తెస్తే అది 1950, 60లలో సోల్ అయింది. సోల్ అంటే ఆత్మ అని అర్థం. అరీతా ఫ్రాంక్లిన్ అనే ఆవిడ డెట్రాయిట్‌లో తండ్రి బోధకుడుగా వున్న చర్చిలోనే పాడటం మొదలుపెట్టింది. ఓటిస్ రెడ్డింగ్ అనే గాయకుడు 1965లో ఒక పాట పాడాడు. ఇంటికి వచ్చిన మగవాడు భార్యను మర్యాద అడిగే పాట. 1967లో అదే పాటను అరీతా తీసుకుని, ఆడది మగవాణ్ణి మర్యాద అడిగే పాటగా తిప్పి పాడింది. పాట ఒకటే, గొంతు మారేసరికి అర్థమే తిరగబడింది! ఈ సంగతి చెప్పగానే చెవులు మూసుకున్న పిన్నిగారు “ఏదీ, ఆ పాట మళ్ళీ పెట్టవే” అన్నారు.

ఇక ఫంక్. దీంట్లో రాగంకన్నా దరువు ముఖ్యం. జేమ్స్ బ్రౌన్ అనే ఆయన దీనికి పెద్ద దిక్కు. చిన్నతనంలో పత్తి తీశాడు, బూట్లు తుడిచాడు. తాళంలో మొదటి దెబ్బమీద బరువంతా వెయ్యండి అని వాద్యగాళ్ళకు చెప్పేవాడట. ఆ మొదటి దెబ్బ పడేసరికి కాలు దానంతటదే కదులుతుంది. మన కోలాటంలో కర్రా కర్రా కలిసే చోటు వుంటుందే, అదన్నమాట.

హిప్‌హాప్ పుట్టిన తేదీ కూడా చెబుతారు: 1973 ఆగస్టు 11. న్యూయార్కులో బ్రాంక్స్ అనే పేటలో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవటానికి డబ్బు కావలసి వచ్చింది. వాళ్ళుండే భవనంలోని హాలులోనే పాటల విందు పెట్టి, ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టిక్కెట్టు పెట్టింది. పాటలు వేసింది వాళ్ళన్నయ్య. డీజే కూల్ హెర్క్ అని పేరు పెట్టుకున్నాడు. పాటలో గొంతులు ఆగి ఒట్టి దరువు వచ్చే చోట జనం బాగా ఆడుతున్నారని కనిపెట్టి, ఒకే రికార్డు రెండు తెచ్చి, రెండు యంత్రాలమీద పెట్టి, ఇది అయ్యేసరికి అది, అది అయ్యేసరికి ఇది వేసి, ఆ చిన్న ముక్కనే సాగదీశాడు. ఆ దరువుమీద మాటలు చెప్పటం వచ్చాక అది ర్యాప్ అయింది. చూశారా, ఇంటి ఖర్చు చూసుకునే ఒక ఆడపిల్ల ఆలోచనలోంచి ఎంత పెద్ద సంగీతం వచ్చిందో!

దరువుమీద మాట చెప్పటం మనకేం కొత్త? గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారి బుర్రకథ విన్నవాళ్ళనడగండి. కథకుడు తంబురా మీటుతూ, వేలి అందెలు మోగిస్తూ కథ పరుగెత్తిస్తుంటే, ఇటూ అటూ ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తూ తందాన అందుకునేవారు. ఒకరు రాజకీయం మాట్లాడితే, ఒకరు హాస్యం. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది. సినిమాల్లో హుషారు పాటలు కట్టిన సంగీత దర్శకుడు చక్రవర్తిగారిదీ ఆ ఊరే. ఈ మాట చెబితే మా అమ్మాయి రెండు బుర్రకథ ముక్కలు, “వేటగాడు”లో ఒక పాట తెచ్చి దండలో చేర్చింది.

అసలు దండ ఎలా గుచ్చాలి? మేము తప్పులు చేసి నేర్చుకున్నవి చెబుతాను.

మొదట, ఈ పాటలు ఎవరికి, ఏ పని చేసేటప్పుడు అన్నది అనుకోండి. మాది తొడిమలు తీసే పని, మనుషులం ఎనిమిదిమందిమి, వయసు పంతొమ్మిది నుంచి డెబ్భైరెండు. అంచేత పాత సి-90 లెక్కే పెట్టుకున్నాం, ముప్పావుగంట, మధ్యలో మజ్జిగ, మళ్ళీ ముప్పావుగంట.

రెండోది, పాట వేగం కొలవండి. గడియారం చూస్తూ పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కించి నాలుగుతో హెచ్చవేయండి. డెబ్భై వస్తే నిదానపు పాట, మన నాడిలాగా. నూరు దాటితే చేతులు పరుగెత్తుతాయి. మొదటి రోజు మా అమ్మాయి వరసగా నాలుగు పరుగుపాటలు పెట్టింది. పని జోరుగా సాగింది, నిజమే. ఐదో పాటకు అందరం చతికిలపడ్డాం. పిన్నిగారు రక్తపోటు బిళ్ళ వేసుకున్నారు! రెండో రోజు మెల్లగా సోల్‌తో ఎత్తుకుని, చేతులు కుదురుకున్నాక ఫంక్, ఆపైన హిప్‌హాప్, నడుమ బుర్రకథ, చివర మళ్ళీ నిదానపు సోల్ పెట్టాం. పెళ్ళి భోజనంలో పెరుగన్నం చివర వచ్చినట్టు. ఆ రోజు పని ఎప్పుడు అయిందో తెలియలేదు.

మూడోది, మాటలు వినండి. హిప్‌హాప్‌లో బూతులున్న పాటలు వున్నాయి. బూతు తీసేసిన పాఠాలు కూడా దొరుకుతాయి. పిల్లలమీద కేకలెయ్యటంకన్నా పక్కన కూర్చుని “దీని అర్థమేమిటి?” అని అడగటం మంచిదని నా అనుభవం. చెప్పటానికి సిగ్గుపడిన పాటను మా అమ్మాయే తీసేసింది.

నాలుగోది ఒకటుంది. అది చెప్పటానికే ఇంతసేపూ తటపటాయించాను.

మాది పర్చూరు దగ్గర పల్లె. అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మా నాయనమ్మ పత్తి తీతకు వెళితే ముందుపాట ఆవిడదే. మా అమ్మ, తక్కిన ఆడవాళ్ళు వంత. 1991 సంక్రాంతి సెలవుల్లో మా అన్నయ్య టేప్ రికార్డరులో బ్యాటరీలు వేసి, చేలోకి పట్టుకెళ్ళి ఆ పాట క్యాసెట్టుకెక్కించాడు. దానిమీద పేరు రాయలేదు. క్యాసెట్టు పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, గుర్తుందా? అవి విరగ్గొడితే ఇక దానిమీద వేరేది రికార్డు కాదు. ఆ పనీ ఎవరూ చెయ్యలేదు.

1994లో “ప్రేమికుడు” సినిమా వచ్చింది. అందులో ర్యాప్ పాటంటే మా పిల్లలందరికీ పిచ్చి. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. పక్కింటివాళ్ళకు రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డరుండేది. కొత్త క్యాసెట్టు కొనటానికి డబ్బుల్లేక, పేరులేని క్యాసెట్టు తీసుకెళ్ళి ఆ పాటలు ఎక్కించుకొచ్చాను. నాయనమ్మ పాట చెరిగిపోయింది. నాకు అది తెలియకుండా జరగలేదు. మొదట పెట్టి విన్నాను, నాయనమ్మ గొంతని తెలుసు. “ఆవిడ ఇంట్లోనే వుందిగా, మళ్ళీ పాడుతుందిలే” అనుకున్నాను. 1996లో ఆవిడ పోయింది. నేను ఎవరికీ చెప్పలేదు.

ఈ వేసవిలో తొడిమలు తీస్తూ, పత్తిచేలల పాటల మాట వచ్చినప్పుడు, మా అమ్మాయి “మన చేలో పాటలేవైనా వున్నాయా?” అని అడిగింది. అప్పుడు చెప్పాను, ముప్పై ఏళ్ళ తర్వాత. మా అమ్మ అక్కడే కూర్చుని వుంది. తిట్టలేదు. చేతిలో కాయ తొడిమ తీసి, పక్కన పడేసి, “ఆ క్యాసెట్టు కోసం నేను చాలాసార్లు వెతికానే” అంది. అంతే. ఆ మాటకు నాకు ఇప్పటికీ జవాబు లేదు.

కాసేపాగి మా అమ్మాయి ఫోను ముందుకు పెట్టి, “నువ్వు పాడు అమ్మమ్మా” అంది. “నాకు వంతే వచ్చు. ముందుపాట మా అత్తదిగా” అంది మా అమ్మ. అయినా పాడింది. నాయనమ్మ పాడే చోట ఊరికే కూనిరాగం తీసి, వంత వచ్చే చోట మాటలందుకుంది. మధ్యలో ఒక తుమ్ము, వెనక కుక్కరు కూత. నాలుగు నిమిషాలు. ఆ కూనిరాగాల చోట దరువు కలుపుతానంది మా అమ్మాయి. వద్దన్నాను. దాన్ని మా దండలో కొసన, సోల్ పాట తర్వాత గుచ్చాం.

అంచేత నాలుగోది ఇదండీ. కొత్త పాటలు వద్దనకండి, అవి నిజంగా మంచి పాటలు. కానీ దేనిమీద ఎక్కిస్తున్నామో ముందు ఒకసారి విని చూసుకోండి. ఈ వేసవిలో మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేత, అత్తగారో, అమ్మో, మీ ఇంట్లో పనిచేసే ముసలమ్మో, ఒక్క పాట పాడించి ఫోనులోకి ఎక్కించండి. వాళ్ళ పేరు, ఊరు, తేదీ పాట ముందు నోటితోనే చెప్పించండి. రెండు చోట్ల దాచండి, ఫోను పోతుంది, చిప్పు చెడుతుంది. ముందుపాట వచ్చినవాళ్ళు మీ ఇంట్లో వుంటే అసలు ఆలస్యం చేయకండి.

మా కారం పట్టించటం అయింది. మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చేలోగా ఇంకో పదిహేను కిలోలు తెప్పిద్దామంటున్నారు పిన్నిగారు. కారం సరిపోకనా అని అడిగితే, “పాటలు సరిపోలేదు” అన్నారు.