హిమాలయాల మంచు - మన ప్రళయకావేరి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడబోయే విషయం వినగానే మిత్రులొకరు, "శ్రీహరికోటలో ఎండ గురించి చెబితే అర్థముంది గాని, మంచు గురించి ఏమిటండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మన స్వర్ణముఖిలో గాని, కాళంగిలో గాని, ఆరణిలో గాని మంచు నీరు చుక్క కూడా లేదు. అవి ఈ ప్రాంతపు కొండల్లో పుట్టి, వాన పడితే పారి, లేకపోతే ఇసుక తిన్నెలై పడివుండే ఏళ్ళు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాలే వాటికి ఆధారం.

సింధు, గంగ వంటి నదుల సంగతి వేరు. ఆ కొండల్లో వేల ఏళ్ళుగా పేరుకున్న మంచు గడ్డకట్టి, తన బరువుకు తానే నెమ్మదిగా కిందికి జారుతూ ఉంటుంది. దానినే హిమానీనదం అంటారు. వేసవిలో అది కొంత కరిగి నదికి నీరిస్తుంది, చలికాలపు హిమపాతంతో మళ్ళీ పూడుతుంది. ఒక విధంగా అది ఆ నదుల ప్రావిడెంట్ ఫండు. ఇప్పుడు జమ తక్కువ, ఖర్చు ఎక్కువ అయింది. హిందూకుష్ - హిమాలయ ప్రాంతంలో 2011-2020 మధ్య మంచు కరుగుదల అంతకు ముందు పదేళ్ళకంటే 65 శాతం ఎక్కువని 2023లో నిపుణులు తేల్చారు. అసలు తీసి ఖర్చు చేస్తున్నంత కాలం చేతిలో డబ్బు ఆడినట్లే ఉంటుంది. నదుల్లోనూ అంతే. మొదట కొన్నేళ్ళు నీరు పెరుగుతుంది, ఆ తరువాత తగ్గుతుంది.

ఈలోగా కరిగిన నీరు కొండల మీద సరస్సులై నిలుస్తుంది. వాటికి గట్టు వదులు రాళ్ళు, మట్టే. 2013 జూన్‌లో కేదారనాథ్ పైనున్న చోరాబారీ సరస్సు తెగిన సంగతి మన తెలుగు యాత్రికుల కుటుంబాలు ఇంకా మరచిపోలేదు. 2023 అక్టోబరులో సిక్కింలోని దక్షిణ లోనక్ సరస్సు తెగి, తీస్తా నది మీది పెద్ద ఆనకట్టనే కొట్టుకుపోయింది. తెగకముందు సుమారు 167 హెక్టార్లున్న ఆ సరస్సు, తెగిన తరువాత 60 హెక్టార్లే మిగిలింది. ఈ లెక్క చెప్పిన ఉపగ్రహ చిత్రాల్లో రిశాట్-1ఎ తీసినవి కూడా ఉన్నాయి. 2022 ఫిబ్రవరి 14న మన శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి. మోసుకుపోయిన ఉపగ్రహమే అది. మబ్బు పట్టినా, చీకటి పడినా దాని రాడారుకు అడ్డు లేదు.

సరే, అక్కడి కష్టం అక్కడిది. మనకేమిటి? ఆ మంచు మన దగ్గరకు నది దారిన రాదు, సముద్రం దారిన వస్తుంది.

దీనిని ఇంట్లో పిల్లలకు చూపించవచ్చు. ఒక లోటాలో నీళ్ళు పోసి, అందులో మంచుగడ్డ వేసి, నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టండి. గడ్డ అంతా కరిగినా మట్టం పెరగదు. అదే గడ్డను లోటా పైన జల్లెడలో పెట్టి కరగనివ్వండి, మట్టం పెరుగుతుంది. నీటిలో తేలే మంచుకు, నేల మీది మంచుకు ఉన్న తేడా ఇదే. హిమానీనదాలు నేల మీది మంచు. 2000 నుండి 2019 వరకు ప్రపంచంలోని హిమానీనదాలు ఏటా సగటున 26,700 కోట్ల టన్నుల మంచును పోగొట్టుకున్నాయి. ఆ కాలంలో సముద్రమట్టం పెరిగిన దానిలో సుమారు ఐదో వంతు దీనివల్లనే. మిగిలినది గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు కరగడం వల్ల, వేడికి సముద్రపు నీరు వ్యాకోచించడం వల్ల, ఇంకా ఇతర కారణాల వల్ల.

1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తరువాత ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతున్నట్లు తేలింది. "ఇంతేనా?" అనిపిస్తుంది. కాని ఇంక్రిమెంటు సంగతి మనకు తెలియనిది కాదు. ఏడాదికి చిన్నదే, వచ్చినది వెనక్కు పోదు, సర్వీసు పూర్తయ్యేసరికి జీతమే మారిపోతుంది. పైగా మనది పళ్ళెం లాంటి చదును నేల. నిలువున జానెడు పెరిగితే అడ్డంగా ఎంతో దూరం లోపలికి వస్తుంది. తుఫాను వచ్చినప్పుడు ఉప్పెన ఆ పెరిగిన మెట్టు మీద నుండే లేస్తుంది.

ఇక మన సరస్సు దగ్గరకు వద్దాం. పులికాట్‌ను పెద్దలు ప్రళయకావేరి అనేవారు. చిలక తరువాత మన దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. దానికి, బంగాళాఖాతానికి మధ్య అడ్డుగోడలా పడుకున్న ఇసుక దీవే శ్రీహరికోట. సరస్సు సగటు లోతు ఒక మీటరు మాత్రమే. ఆ లోతు తక్కువ కావడం వల్లనే ఫ్లెమింగోలు అందులో నిలబడి మేత మేయగలుగుతున్నాయి. వానాకాలంలో ఏళ్ళు మంచినీరు తెస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రపు పోటు వస్తుంది. రొయ్య పిల్లలు సముద్రం నుండి లోపలికి వచ్చి, పెరిగి, తిరిగి వెళ్తాయి. మత్స్యకారుల, యానాదుల బతుకు ఈ రాకపోకల మీదనే ఆధారపడి ఉన్నది.

తీరం వెంబడి అలలు మోసుకువచ్చే ఇసుక ఈ ముఖద్వారాలను ఎప్పుడూ మూయాలనే చూస్తుంది. ఏటి వరద వచ్చి వాటిని తెరవాలి. వరద బలం తగ్గితే మొగ పూడిపోతుంది. తూపిలిపాళెం, రాయదొరువు దగ్గర జరిగింది పూడికే. అందుకే వేసవిలో సరస్సు ఉత్తర భాగం చాలా మేర ఎండి, మిగిలిన నీరు సముద్రం కంటే ఉప్పెక్కుతున్నది. పూడిక తీయమని మత్స్యకారులు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు.

నేను మనవి చేయదలచిన అసలు మాట ఇది. సముద్రం మెల్లగా పెరిగినప్పుడు ఇసుక దీవి కూడా కొత్త ఇసుక చేర్చుకుంటూ సర్దుకోగలదు, సరస్సు కూడా సర్దుకోగలదు. కాని దానికి ఏటి నీరు కావాలి, ఏటి ఇసుక కావాలి. హిమాలయాల మంచును మనం ఆపలేము. స్వర్ణముఖి ఇసుక, కాళంగి వరద మాత్రం మన ప్రాంతపు చేతిలోనివి. పైనుండి మంచు, ఇక్కడ మన నిర్లక్ష్యం, రెండూ ఒకేసారి మీద పడితే ఈ సరస్సు తట్టుకోలేదు.

మనం చేయగలిగినవి మూడు చెబుతాను. ఒకటి, అర్జీలు రాయడంలో మనకున్న అనుభవాన్ని మత్స్యకారుల పక్షాన వాడుదాం. మొగలు ఒకసారి తవ్వితే చాలదు, మళ్ళీ పూడుతాయి గనుక ఏటా చూడాలని అడుగుదాం. రెండు, ఏట్లో లెక్కకు మించి ఇసుక తవ్వుతుంటే ఇంటికి పనికొచ్చిందని ఊరుకోకుండా, తీరానికి అందవలసిన ఇసుక అది అని పది మందికీ చెబుదాం. మూడు, సరస్సు చుట్టుపక్కల ఊళ్ళలో స్థిరపడిన మనలో రీడింగులు తీయడం అలవాటున్న వారు ఎందరో ఉన్నారు. ఎవరి బావి నీటిమట్టం, ఉప్పదనం వారు వేసవిలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి నోటుపుస్తకంలో తేదీతో రాసిపెట్టండి. పదేళ్ళ తరువాత ఉప్పునీరు ఎంత దూరం వచ్చిందో చెప్పడానికి ఆ పుస్తకాలే సాక్ష్యం.

2013 ఫిబ్రవరిలో సముద్రపు ఎత్తును కొలిచే పరికరంతో సరళ్ ఉపగ్రహం ఇక్కడి నుండే వెళ్ళింది. 2025 జులై 30న, మంచు కదలికలను కూడా పన్నెండు రోజులకొకసారి గమనించే నైసార్ ఇక్కడి నుండే వెళ్ళింది. మంచును, సముద్రాన్ని పైనుండి కొలిచే ఏర్పాటు ఉన్నది. బావి గట్టు మీద కొలవవలసింది మనమే. వచ్చే సమావేశానికి కనీసం ఇరవై నోటుపుస్తకాలు రావాలని కోరుకుంటున్నాను.