కుంగిన బండపరుపు



మన కర్నూలు, కడప పల్లెల్లో పాత మిద్దెలు ఉన్నాయి. వాటిలో నేలకు నాపబండలు పరిచినారు. బేతంచెర్ల బండలు, ఎర్రగుంట్ల బండలు మీకు తెలిసినవే. బండ కుళ్లదు. చెదలు పట్టదు. మరి నేల ఎందుకు కుంగుతుంది?

కుంగేది బండ కాదు. బండ కింది మన్ను.

కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఎక్కువ. ఈ మన్ను వానకు ఉబ్బుతుంది. ఎండకు పగుళ్లు ఇస్తుంది. ఏటా ఇదే తంతు. జాలాడి నీళ్లు ఇంటి కిందికి ఇంకితే ఇంకా చేటు. ఎలుకలు సరేసరి, గంపలకొద్దీ మన్ను తోడి పోస్తాయి. వరద నీళ్లు ఇంట్లో నిలిచినా మన్ను కుంగుతుంది. 2009 అక్టోబరులో కర్నూలు టౌనులోకి వరద వచ్చింది కదా!

కొందరు గుంత మీద సిమెంటు పూయిస్తారు. అది దండగ ఖర్చు. కింద మన్ను కదిలితే పైన సిమెంటు పెచ్చులు లేస్తుంది.

ముందు బండను గడ్డపారతో మెల్లగా తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే జాగ్రత్త! కింద పాత పాతర ఉండవచ్చు. మన పెద్దలు జొన్నలు పాతరలో పోసేవాళ్లు. మూసిన పాతరలో చెడుగాలి ఉంటుంది. దానికి వాసన ఉండదు. దిగిన మనిషి అక్కడే పడిపోతాడు. కాపాడను దిగినవాడూ పడిపోతాడు. ఎవరినీ దిగనీయకండి. పిల్లలను దూరం పంపండి. పైనుంచే గరుసు పోయించి పూడ్పించండి.

గోడ కూడా బీట ఇచ్చిందా? అయితే బండలు ఎత్తవద్దు. ముందు ఇంజనీరుకు చూపించండి.

గోడ బాగుంటే పని మొదలు పెట్టండి. బండలు ఎత్తేముందు వాటి మీద సుద్దతో 1, 2, 3 అని అంకెలు వేయండి. ఈ పని మీరే చేయండి. అంకెలు వచ్చు కదా! ఏ బండ ఎక్కడిదో అప్పుడు తికమక ఉండదు. తడి మన్ను, రేగడి మన్ను తీసేయించండి. గరుసు జానెడు మందం పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టించండి. మళ్లీ జానెడు, మళ్లీ దిమ్మిస. ఒకేసారి నింపితే మళ్లీ కుంగుతుంది. కూలి మిగులుతుందని మేస్త్రీ తొందర పడతాడు. మీరు ఒప్పుకోవద్దు.

మట్టం చూసేది సన్న పైపు నీళ్లతో. పైపులో బుడగలు ఉండకూడదు. రెండు కొనల్లో నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. ఆ ఎత్తు రెండు గోడల మీద గీత గీసి, దారం కట్టించండి. దారం నుంచి కిందికి కొలిస్తే హెచ్చుతగ్గులు మీకే తెలుస్తాయి. నేల కడిగిన నీళ్లు వాకిలి వైపు పారాలి. అటు కొంచెం వాలు పెట్టించండి.

బండల సందులు సిమెంటుతో పూడ్చినాక వారం దినాలు నీళ్లు చల్లండి. అంతవరకు రోలు, గాదె ఆ గదిలోకి తేవద్దు.