నీళ్లు ఎంతవరకు వచ్చాయి?

వాక్యభాగములు: మత్తయి సువార్త 7:24-27; యెహోషువ 4:1-7



బండమీద కట్టిన ఇల్లు, ఇసుకమీద కట్టిన ఇల్లు. ఈ ఉపమానం మనలో చాలామంది సండేస్కూలులో చేతులు ఊపుతూ నేర్చుకున్నదే. అయితే ఒక సంగతి గమనించారా? వాన కురిసేవరకు ఆ రెండిళ్లూ ఒక్కలాగే ఉన్నాయి. యూదయ దేశంలో వాగులు ఏడాదిలో చాలాకాలం ఎండిపోయి ఉంటాయి. అక్కడి నేల చదునుగా ఉంటుంది, పునాది తవ్వే శ్రమ తక్కువ. ఆ బుద్ధిహీనుడు ఎండాకాలం మాత్రమే చూసి ఇల్లు కట్టుకున్నాడు. వాగు గత చరిత్ర అతడు ఎవరినీ అడగలేదు.

ఈ సత్యాన్ని గ్రహించడానికి జర్మనీ దేశంలోని ఒక చిన్న నది దగ్గరకు మిమ్మల్ని తీసుకువెళ్తాను. దాని పేరు ఆర్. ఐఫెల్ కొండల్లో, బ్లాంకెన్‌హైమ్ అనే ఊరిలో, ఒక పాత ఇంటి నేలమాళిగలో అది పుడుతుంది. సుమారు 85 కిలోమీటర్లు ప్రవహించి సిన్జిగ్ పట్టణం దగ్గర రైన్ నదిలో కలుస్తుంది. ఇరువైపులా నిటారు కొండలు, వాటిమీద ద్రాక్షతోటలు. మామూలు రోజుల్లో చాలాచోట్ల పిల్లలు దిగి ఆడుకునేంత లోతే ఉంటుంది. ఆ నదిని చూసినవారెవరూ భయపడరు.

కాని ఆ లోయకు ఒక గతం ఉంది. 1804 జూలై 21న కుండపోత వాన కురిసింది. కొండవాలుల్లో మట్టిపొర పలచన, లోయ ఇరుకు. పడిన నీరంతా ఒక్కసారిగా నదిలోకి దూకింది. కొట్టుకొచ్చిన చెట్లూ దూలాలూ వంతెనలకు అడ్డుపడ్డాయి. నీరు వెనక్కి ఎగదన్ని, వంతెన తెగగానే మరింత ఉధృతంగా దిగువ ఊరిమీద పడింది. 63 మంది మరణించారు. తిరిగి 1910 జూన్ 13న అలాంటి వరదే వచ్చింది. ఆ కాలంలో అక్కడ రైలుమార్గం వేస్తున్నారు. చనిపోయిన 50 మందికి పైగా మనుషుల్లో చాలామంది, పొట్టకూటికోసం వచ్చిన ఆ పనివారే. ఆ తరువాత ఎగువన నీటిని ఆపే జలాశయాలు కట్టాలని ఆలోచన చేశారు. అవి కాగితాలమీదే ఉండిపోయాయి.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆల్టెనార్ అనే గ్రామం దగ్గర నీటిమట్టాన్ని క్రమంగా కొలవడం మొదలైంది. నూరేళ్లకొకసారి వచ్చే వరద ఎంత ఉంటుందో ఆ కొలతలతోనే లెక్కగట్టారు. సెకనుకు సుమారు 240 ఘనపు మీటర్ల నీరు అని తేల్చారు. ఆ లెక్కనుబట్టి ప్రమాద పటాలు గీశారు. ఆ లెక్కలో 1910 లేదు, 1804 లేదు. పాత రాతల్లో, గోడలమీది వరద గుర్తుల్లో ఆ సంగతులు భద్రంగానే ఉన్నాయి. బాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటిని వెదకి, 1804 వరద ఈ లెక్కకు ఎన్నో రెట్లు పెద్దదని 2021కి కొన్ని సంవత్సరాల ముందే ప్రచురించారు కూడా. 2016లో నీరు 3 మీటర్ల 70 సెంటీమీటర్లకు చేరినప్పుడు, కొలతలు మొదలైన తరువాత అదే పెద్ద వరద. ఇంతకు మించి రాదులే అని చాలామంది అనుకున్నారు.

2021 జూలై 14 రాత్రి నీరు దాదాపు 10 మీటర్లకు లేచిందని అంచనా. కొలిచే పరికరమే కొట్టుకుపోయింది. 60కి పైగా వంతెనలు దెబ్బతిన్నాయి లేదా కూలిపోయాయి. ఆ లోయలో 130 మందికి పైగా మరణించారు. ఎగువ గ్రామాలు సాయంత్రమే మునిగాయి. జిల్లా అధికారులు ఇళ్లు ఖాళీ చేయమని చెప్పేసరికి రాత్రి పదకొండు అయింది. నది చివరనున్న సిన్జిగ్‌కు నీరు చేరింది అర్ధరాత్రి దాటాక. అక్కడ వికలాంగుల ఆశ్రమంలో కింది అంతస్తులో ఉన్నవారిలో 12 మంది చనిపోయారు. ప్రియులారా, పైన ఊళ్లు మునగడానికీ, వారి గదిలోకి నీళ్లు రావడానికీ మధ్య ఎన్నో గంటలున్నాయి. ఆ గంటలు వారికి అక్కరకు రాలేదు.

వారి పాపమే వారిని ముంచిందని దయచేసి ఎవరూ అనవద్దు. సిలోయములో గోపురం కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు మిగిలినవారికంటె ఎక్కువ అపరాధులని అనుకోవద్దని మన ప్రభువు స్పష్టంగా చెప్పాడు. తీర్పు తీర్చే పని మనది కాదు, మన జీవితాలను సరిచూసుకోవడమే మన పని. వేడెక్కుతున్న ఈ లోకంలో ఇలాంటి వానలు మరింత బలంగా కురుస్తాయని శాస్త్రవేత్తలు చెబుతున్నారు గనుక, ఈ మెలకువ మనకందరికీ అవసరం.

యెహోషువ గ్రంథం చూడండి. కోతకాలంలో యొర్దాను గట్లు దాటి పారుతుండగా దేవుడు తన ప్రజలను దాటించాడు. వెంటనే నది నడుమనుండి పన్నెండు రాళ్లు తీయించాడు. ఎందుకు? రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగినప్పుడు పెద్దలు చెప్పాలని. కన్న తరం పోతే జ్ఞాపకం కూడా పోతుందని దేవునికి తెలుసు. అందుకే ఆయన విశ్వాసాన్ని రాళ్లకూ, పిల్లల ప్రశ్నలకూ ముడిపెట్టాడు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను సేవ చేసిన ఒక సంఘంలో మందిరం లోపలి గోడమీద, నా భుజం ఎత్తున, నల్లని గీత ఒకటి ఉండేది. క్రిస్మస్‌కు సున్నాలు వేస్తూ యౌవనస్థులు, "అయ్యగారూ, ఈ గీత ఉంచాలా?" అని అడిగారు. అందంగా లేదు, కొట్టేయండి అన్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక ముసలి తల్లి ఆ తెల్లని గోడను చేత్తో తడుముతూ నిలబడింది. "మా పెద్దోడు ఈ గీత కింద పోయాడండి అయ్యగారూ" అంది. నాకు నోట మాట రాలేదు. ఆమె చెయ్యి పెట్టి చూపించిన చోటే గీత మళ్లీ గీశాం. పక్కన వరద వచ్చిన సంవత్సరం రాశాం. ఇప్పుడు పిల్లలు అడుగుతారు, పెద్దలు చెబుతారు.

సహోదరుడా, సహోదరీ, ఈ రోజే మీ ఇంటి పెద్దవారి దగ్గర కూర్చోండి. నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడగండి. ఏ కష్టంలో దేవుడు ఎలా నిలబెట్టాడో కూడా అడగండి. విని, మీ పిల్లలకు చెప్పండి. ప్రభువు మాటలు విని వాటిచొప్పున చేయడమే బండమీద కట్టడం. ఎండాకాలంలోనే ఆ పని చేయాలి.

ప్రార్థిద్దాం. పరిశుద్ధుడవైన తండ్రీ, మరచిపోయే మా మనస్సులను క్షమించుము. ఆర్ లోయలో ఆప్తులను పోగొట్టుకొన్నవారిని ఆదరించుము. బలహీనుల తలుపు ముందుగా తట్టే మెలకువ మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.