మంచు ఎరుగని ఊరి నుండి మంచు క్రీడల వాకిటికి
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సభలలో ఆటలు ఆడేవారిని గురించి చెప్పడం పరిపాటి. చూసేవారిని గురించి చెప్పడం అరుదు. ఏ పాఠశాలలోనైనా పతకం తెచ్చేవారు కొందరే. తక్కినవారంతా జీవితాంతం ప్రేక్షకులే. కనుక చూడడం కూడా నేర్వవలసిన విద్యయే. ఈ విద్యలో ఆరితేరినవాడు ఎవరంటే, బెంగుళూరు వంటి నగరంలో పెరిగి, శీతాకాల క్రీడలపై మక్కువ పెంచుకున్న అభిమాని అని చెప్పవచ్చు.

బెంగుళూరు వాసికి చలి అంటే పుష్యమాసపు వేకువన భుజాన వేసుకునే శాలువా. మంచు అంటే లాల్‌బాగ్ గడ్డిపై మెరిసే బిందువు. తెలుగులో ఆ బిందువూ మంచే, తెల్లవారుజామున దారి కప్పే పొగా మంచే, హిమాలయాలపై కురిసేదీ మంచే. అభిమాని మొట్టమొదట ఈ భేదాలను నేర్చుకుంటాడు. స్కీయింగ్‌కు కురిసిన మెత్తని హిమం కావాలి. స్కేటింగ్‌కు గాజువలె గడ్డకట్టిన నీరు కావాలి. 1924లో ఫ్రాన్సు దేశపు షమోనీలో తొలి శీతాకాల ఒలింపిక్ క్రీడలు జరిగినవని, 1986లో జపానులోని సప్పోరోలో తొలి ఆసియా శీతాకాల క్రీడలు జరిగినవని పత్రికలలో చదివి తెలుసుకుంటాడు. ఇన్నేళ్ల ముచ్చట తీర్చుకొనడానికి పయనం కట్టినపుడు, ఆ సొమ్ముతో స్థలం కొనుక్కోరాదా అని బంధువులు అడుగుతారు. అతని వద్ద సమాధానం ఉండదు. ఉన్ని దుస్తులు మాత్రం సిద్ధంగా ఉంటాయి.

అక్కడికి వెళ్లిన తరువాత కనిపించేదేమిటి? ల్యూజ్ పోటీనే తీసుకుందాం. క్రీడాకారుడు చిన్న బండిపై వెల్లకిలా పడుకొని, పాదాలు ముందుకు చాచి, గంటకు 130 కిలోమీటర్లకు మించిన వేగంతో మంచు కాలువలో జారిపోతాడు. టెలివిజన్‌లో కెమెరాలు వెంటాడుతాయి గనుక పరుగంతా కనిపిస్తుంది. గట్టున నిలిచినవానికి ముందుగా ఒక గరగర శబ్దం, వెంటనే ఒక మెరుపు, అంతే. గెలుపు ఓటములను సెకనులో వెయ్యో వంతు నిర్ణయిస్తుంది. ఆ ఒక్క రెప్పపాటు కోసం గంటలకొద్దీ చలిలో నిలబడడమే అభిమానం. కర్లింగ్ పోటీ తీరు వేరు. సుమారు 20 కిలోల గ్రానైటు రాయిని మంచుపై జారవిడిచి, దాని ముందు చీపురు వంటి సాధనంతో రుద్దుతూ దారి చూపుతారు. గ్రానైటును ఇంటి గడపలకు, వంటగట్లకు వాడే తెలుగువారికి ఆ రాయి నాట్యం చేస్తుందంటే వింతగానే ఉంటుంది.

ప్రత్యక్షంగా చూడడంలోని విశేషం బెంగుళూరువారికి అనుభవంలోకి వచ్చినదే. 2025 జూలై 5న కంఠీరవ స్టేడియంలో జరిగిన అంతర్జాతీయ జావెలిన్ పోటీలో నీరజ్ చోప్రా 86.18 మీటర్లు విసిరి గెలుపొందాడు. పత్రికలో అది ఒక అంకె. మెట్లపై కూర్చున్నవారికి అది కన్ను కొలిచిన దూరం.

మంచు క్రీడలలో భారతీయ అభిమానికి మరొక పరీక్ష ఉన్నది. తన దేశపు పతాకం వెనుక నడిచేవారు బహు కొద్దిమంది. 1964లో ఇన్స్‌బ్రుక్‌లో జెరెమీ బుజకోవ్‌స్కీ ఒక్కడే. 1998లో నగానోలో 16 ఏళ్ల శివ కేశవన్ ఒక్కడే. మంచు దారులు లేక, మనాలి ప్రాంతపు కొండ రోడ్లపై చక్రాల బండితో సాధన చేసిన ఆ యువకుడు 2018 వరకు 6 ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్నాడు, ఒక్క పతకమూ రాలేదు. 2014లో సోచీలో భారత ఒలింపిక్ సంఘంపై నిషేధం ఉన్నందున భారతీయ క్రీడాకారులు ఒలింపిక్ పతాకం కింద నడిచారు. కేశవన్ పోటీ ముగిసిన రెండు రోజులకు నిషేధం తొలగింది. ఆ తరువాత క్రీడాగ్రామంలో త్రివర్ణ పతాకం ఎగిరింది. పతకాల పట్టికలో ఈ కథ కనిపించదు. అభిమాని మనసులో మాత్రం ఉంటుంది.

1988లో కాల్గరీలో జమైకా బాబ్‌స్లెడ్ జట్టు బండి బోల్తాపడినది. మంచు ఎరుగని ద్వీపం నుండి వచ్చిన ఆ నలుగురు బండి పక్కనే నడిచి గమ్యం చేరగా, ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే ప్రేక్షకుని సంస్కారం.

ఉత్సాహానికి భద్రత కూడా అవసరం. 2025 జూన్ 4న ఇదే నగరంలో, చిన్నస్వామి స్టేడియం వెలుపల, విజయోత్సవం చూడవచ్చిన 11 మంది తొక్కిసలాటలో ప్రాణాలు కోల్పోయారు. వారు చేసినది ఆటను ప్రేమించడమే. అంతటి ప్రేమను ఆహ్వానించేవారు దానికి తగిన ద్వారాలు, దారులు, హెచ్చరికలు ముందే ఏర్పరచాలి. పిల్లలను పంపే పెద్దలు కూడా గుంపులో ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనుదిరగాలో చెప్పి పంపాలి.

కన్నడ సీమలో తెలుగు మాధ్యమ పాఠశాల 75 ఏళ్లు నిలవడం కూడా, కొద్దిమందే నడిచే ఊరేగింపు వంటిదే. తరగతిలో సంఖ్య తగ్గినపుడల్లా ఇంకెందుకు అని అడిగేవారు ఉంటారు. మంచు లేని కొడగు నుండి వెళ్లిన భవాని క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో దేశానికి ప్రాతినిధ్యం వహించింది; ఆమెనూ ఎందుకని అడిగినవారు ఉండకపోరు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ ఉత్సవాల ఆటల పోటీలలో మొదటివాడు గీత దాటగానే లేచిపోవద్దు. చివరివాడు వచ్చేదాకా కూర్చోండి, వచ్చినపుడు చప్పట్లు కొట్టండి. ఎప్పుడో మీలో ఒకరు ఉన్ని కోటు తొడుక్కొని దూరదేశపు మంచుగట్టున నిలబడినపుడు, ఈ అభ్యాసం అక్కరకు వస్తుంది.

శుభం.