కోరంగి మడ అడవి



కాకినాడనుండి యానామునకు పోవు దారిలో కోరంగి యను గ్రామము కలదు. ఒకప్పుడది పేరుమోసిన రేవు. అచట ఓడలు కట్టెడివారు. ఆ తీరమునుండి వలసపోయిన కూలీల మూలముననే బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చినది. 1789లోను, 1839లోను తుపానులు వచ్చి, సముద్రము పొంగి ఆ రేవును ముంచినది. గోదావరి తెచ్చిన ఒండ్రు ఓడదారిని పూడ్చినది. ఓడలను తఱిమిన ఆ బురదలోనే నేడు మడ అడవి పెరుగుచున్నది. 1978లో ఇచట సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడినది.

చూడబోవువారు గడియారముకంటె పంచాంగము చూచుకొని బయలుదేరుట మేలు. అమావాస్యకు, పున్నమకు పోటు హెచ్చు. పోటువేళ పడవ పాయలలో లోపలికి సాగును గాని, పక్షులు కానరావు. ఆటువేళ బురదమేటలు బయటపడును. అప్పుడు పక్షులకు విందు. శీతకాలమున ఉల్లంకిపిట్టలు గుంపులుగా దిగును. పొట్టిముక్కు పిట్ట పైపొరలోని పురుగును, వంపుముక్కు పిట్ట లోతులోని పీతను తీయును. విస్తరి యొక్కటే, తగవు లేదు! వీనిలో ‘గ్రేట్ నాట్’ అనునది సైబీరియానుండి వచ్చును; లోకమున నానాటికి తఱుగుచున్న జాతి. చప్పట్లు కొట్టి గుంపును లేపి ఆనందించు విహారయాత్రికులు కలరు. తిరుగుప్రయాణమునకు కూడబెట్టుకొన్న క్రొవ్వు ఆ వినోదమునకు ఖర్చగునని వారెఱుగరు.

మడచెట్టు వేళ్లు మేకులవలె బురదనుండి పైకి లేచి గాలి పీల్చును. తిల్లచెట్టు పాలు కంటబడిన చూపునకే ముప్పు. కనుక కొమ్మలు విఱుచు అలవాటు ఇచట పనికిరాదు. వేళ్ల నడుమ రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరుగును. వానికై నీటికుక్కలు పాయలలో ఈదును. బావురుపిల్లి రాత్రివేళ గట్టున పొంచియుండును. జాలరి వలలో పడు రొయ్యకును పుట్టినిల్లు కాకున్న పెరిగిన యిల్లు ఇదియే.

అడవి కావల సముద్రమునకు అడ్డముగా హోప్ ఐలాండు అను ఇసుకదిబ్బ కలదు. కాకినాడ రేవునకు అదియే అడ్డుగోడ. జనవరి మొదలు మార్చివఱకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ దానిపై గ్రుడ్లు పెట్టును. తాబేలు నీట నుండియు గాలికై పైకి రావలసినదే. ట్రాలరు వలలో చిక్కినది ఊపిరాడక చచ్చును.

మడ చచ్చి ఉప్పుపేరిన నేలలలో 1990ల చివరినుండి చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి, పోటునీరు పారించి, మొక్కలు నాటిరి. ఆ పనిలో అటవీశాఖవారితోపాటు చుట్టుప్రక్కల గ్రామస్థులును పాల్గొనిరి. కాలువ పూడినచో మొక్క చచ్చును. కావున ఆ పూడిక తీయు పని నాటుటతో తీరునది కాదు.