వంటయింటి అలమారలకు స్వహస్తముతో రంగు వేయుట



సంగీతసాహిత్యములను గూర్చి ప్రసంగింపవలసిన వేదికపై వంటయింటి అలమారలను గూర్చి ప్రసంగమా యని కొందఱకు నవ్వు రావచ్చును. కాని ఢిల్లీలో నివసించు తెలుగు ఉద్యోగి ఇంటిలో దినమునకు పదిమార్లు తెఱచి మూయబడునది గ్రంథముల బీరువా కాదు. పప్పుడబ్బాలును ఆవకాయ జాడీయు ఉండు అలమారయే. దాని తలుపులపై రంగు పెచ్చులుగా లేచి, ఆ పెచ్చులు బియ్యము ఏరుకొను చోట రాలుచుండగా చూచియు చూడనట్లుండుట క్షేమకరము కాదు. అది ఏల క్షేమకరము కాదో చెప్పుటయే ఈ ప్రసంగమునకు ముఖ్యోద్దేశము. రంగు వేయు విధము దాని వెంట వచ్చును.

సాధారణముగా గృహస్థునకు ఈ పని దీపావళికి ముందు జ్ఞప్తికి వచ్చును. నగరమంతయు ఒక్కసారిగా సున్నములు వేయించుకొను ఆ దినములలో పనివారు దొరకరు. దొరికినవారు రెండు దినములలో ముగించి మఱియొక ఇంటికి పోవలయునను తొందరలో ఉందురు. అందు వారి తప్పు లేదు. పూతకు కూలి యిత్తురు గాని పూత ఆఱువఱకు కూర్చున్న కాలమునకు ఎవరును ఇయ్యరు. అలమారల విషయమున పనిలో మూడుపాళ్లు పూతకు ముందే యున్నది. కడుగవలెను, ఆఱనీయవలెను, గీరవలెను, పూడ్చవలెను, మరల ఆఱనీయవలెను. ఈ ఓపిక కూలికి దొరకునది కాదు; ఇంటివారికే ఉండవలసినది. కేంద్ర కార్యాలయములకు 1985 నుండి వారమునకు ఐదు దినములే పని గనుక, రెండు మూడు వారాంతములు దీనికి కేటాయించుట అసాధ్యము కాదు. కలము పట్టిన చేతికి కుంచె తగదని సంకోచించువారును కలరు. ఇట్టి సంకోచము గాంధీజయంతి సభలలో ఏటేట ఖండింపబడి, సభానంతరము యథాస్థానమునకు చేరుచుండును.

ఇక అసలు విషయము. పాత రంగులలో సీసముండును. తెలుపునకు తెల్లసీసమును, పసుపుపచ్చకు సీసపు క్రోమేటును, ఎఱుపునకు ఎఱ్ఱసీసమును పూర్వము విరివిగా వాడుచుండిరి. ఆ ఎఱ్ఱసీసమే సంస్కృతమున సిందూరము. రంగు త్వరగా ఆఱుటకై కలుపు ద్రవ్యములలో సహితము సీసపు లవణములుండెడివి. అమెరికాలో 1978లోనే గృహోపయోగపు రంగులలో సీసమును దాదాపుగా నిషేధించిరి. మన దేశమున ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నియమము 2016లో ప్రకటింపబడి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. కావున అంతకు పూర్వము వేసిన ఏ పూతలోనైనను సీసమున్నదనియే తలంచి పని మొదలిడుట మంచిది. లోధీకాలనీ 1940వ దశకమున వెలసినది, రామకృష్ణాపురము అటుపిమ్మటిది. అట్టి పాత నివాసములలో ఒక తలుపు నుండి పెచ్చు నొకదానిని తీసి దాని అంచు చూచినచో, నఱికిన మానులోని వలయములవలె పొరలు కనబడును. క్రీముపై ఆకుపచ్చ, ఆకుపచ్చపై తెలుపు. ఒక్కొక్క పొర ఒక్కొక్క నివాసి కాలమునాటిది. లోపలికి పోయినకొలది అనుమానము హెచ్చవలెను.

కొయ్యకు గట్టిగా అంటియున్న పాత పూత వలన అంతగా భయము లేదు. దానిని పొడిగా గీరినప్పుడు లేచు దుమ్ములోనే అపాయమున్నది. ఆ దుమ్ము కంటికి కనబడనంత సన్ననిదై గట్టుపైని, నేలపైని, గిన్నెల అంచులపైని వ్రాలును. నేలపై ప్రాకు శిశువు ఆ చేతినే నోటిలో పెట్టుకొనును. మ్రింగిన సీసమును పసివారి శరీరము పెద్దల శరీరము కంటె నాలుగైదు రెట్లు అధికముగా గ్రహించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. అది మెదడు ఎదుగుదలను కుంటుపఱచును. ఇంతవఱకు ఫరవాలేదని చెప్పదగిన పరిమాణము ఏదియు తెలియరాలేదు. పైగా అది జ్వరమువలె పైకి తెలియునది కాదు. పిల్లవాడు చదువులో వెనుకబడినచో తల్లిదండ్రులు ఉపాధ్యాయుని నిందింతురు, ట్యూషను పెట్టింతురు. వంటయింటి తలుపు ఎవరి తలంపునకును రాదు.

అందుచేత పాత పూతను పొడిగా గీరనే గీరరాదు. విద్యుత్తుతో తిరుగు గీరుడు యంత్రము అంతకంటె చెడ్డది. మంటతో కాల్చి ఊడదీయుట అన్నిటికంటె చెడ్డది, ఏలయన వేడికి సీసము పొగగా లేచి ఊపిరితో లోపలికి పోవును. చేయదగిన పని తడిపి గీరుట. నీటికి తట్టుకొను గరుకు కాగితమును రంగుపని వారు వాటర్ పేపరందురు. దానిని, తలుపును తడుపుచు, పూత మెఱుగు పోవునంత మాత్రమే మెల్లగా రుద్దవలెను. కొయ్య కనబడవలయునను పట్టుదల కూడదు. క్రొత్త పూత పట్టుకొనుటకు ఆ మాత్రము గరుకు చాలును. ఆ బురదను చీపురుతో ఊడ్వక తడిగుడ్డలతో ఎత్తి, గుడ్డలతో సహా సంచిలో మూటగట్టి పాఱవేయవలెను. పెరటిలో కఱివేపాకు మొక్కకు ఆ నీరు పోయుట మిక్కిలి ప్రమాదము. కొందఱు నీరు వృథా కాకూడదని అట్లు చేయుదురు. పని జరుగునంతకాలము పిల్లలును గర్భవతులును ఆ ప్రక్కకు రాకుండుట, గిన్నెలును దినుసులును ముందే మఱియొక గదికి చేర్చుట, మూతికి వట్టి తువాలు గాక సన్నని దుమ్మును ఆపు మాస్కు కట్టుకొనుట, పని ముగిసిన వెంటనే బట్టలు విడిచి వేఱుగా ఉదుకుట, ఇవి అతిజాగ్రత్తలుగా తోచినను తోచనిండు. పూత అంతయు బీటలువారి పెచ్చులూడుచున్న తలుపునైతే ఇంటిలో బాగుచేయ బూనుకొనక, నివాసముల మరమ్మతు చూచు శాఖవారికి వ్రాసి మార్పించుకొనుటయే మేలు. క్రొత్త బహుళాంతస్తుల భవనములలో అలమారలు తఱచుగా సన్‌మైకా అతికించినవై యుండును. వానికి సీసపు భయము లేదు గాని, ఆ నునుపుపై పట్టు ప్రత్యేకపు ప్రైమరు లేనిదే రంగు నిలువదు.

గీరుటకు ముందు కడుగుట యుండవలెను. ఈ వరుస తప్పినచో జిడ్డు గీతలలోనికి దిగి, ఎంత ఖరీదైన రంగైనను ఏడాదిలో ఊడిపోవును. తెలుగువారి వంటయింట పోపు పెట్టని పూట యుండదు. పోపుతోడి నూనె తుంపరలు పొగతో పైకి లేచి అలమార నెత్తిన చేరును. అచ్చట అది గాలిలోని ప్రాణవాయువును గ్రహించి క్రమముగా గోధుమవన్నె బంకగా మాఱును. తైలవర్ణములలో అవిసెనూనె ఆఱి పొరగా గట్టిపడుటయు ఈ విధముననే. పొద్దుతిరుగుడు నూనెకును ఈ గుణము కొంత కలదు. అనగా గృహిణి వేడుక లేకుండ, కూలి లేకుండ, సంవత్సరముల తరబడి అలమారకు ఒక వార్నీషు వేయుచునే యున్నదన్నమాట! తడిగుడ్డకు ఆ వార్నీషు లొంగదు. వేడినీటిలో బట్టల సోడా, లీటరునకు రెండు పెద్ద చెంచాల చొప్పున కలిపి, చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని రుద్దినచో నూనె సబ్బుగా మాఱి వదలును. స్వల్పమైన జిడ్డునకు కుంకుడుకాయ పులుసు చాలును.

ఇచ్చట ఒక వింత జరుగును. తలుపుపై పసుపు మరకలున్నచోట సోడానీరు తగులగనే అవి ఎఱ్ఱబడును. తెలియనివారు కొయ్య చెడినదని కంగారు పడుదురు. పసుపునకు సున్నము కలిపి పారాణి చేయు ఇండ్లలో ఈ కంగారు అక్కఱలేదు. క్షారము తగిలిన పసుపు ఎఱ్ఱబడుట దాని స్వభావము. మరకకు ఎండ విరుగుడు. తలుపును ఊడదీసి రెండు దినములు ఎండకు పెట్టినచో చాలవఱకు పోవును. మిగిలినదానిపై స్పిరిట్టులో కరగించిన లక్కను పలుచగా పూసినచో, ఆ మరక క్రొత్త రంగులోనికి ఎగబ్రాకదు. ఏటికొప్పాక బొమ్మలకు వన్నె తెచ్చు లక్కకు వంటయింటిలోను ఇంతటి పనియున్నది. సోడాతో కడిగిన పిమ్మట మంచినీటితో రెండు మార్లు కడుగుట మఱవరాదు. పిదప నీటిచుక్కలు చల్లి చూడవలెను. నీరు ముత్యములవలె నిలిచినచో జిడ్డు ఇంకను ఉన్నది. పొరగా పాఱినచో పోయినది.

పగుళ్లను లప్పముతో పూడ్చి, ఆఱిన పిమ్మట తడిపి నునుపుచేసి, ప్రైమరు ఒక పూత వేయవలెను. కొండపల్లి పనివారు తెల్లపొణికి కొయ్యతో చేసిన అంగములను చింతగింజల పొడియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూత యిచ్చిన తరువాతనే రంగు జోలికి పోవుదురు. విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము సహితము వర్ణముల కంటె ముందు భిత్తిని సిద్ధపఱచు విధమును చెప్పినది. రంగు డబ్బా మూత మొదటి దినముననే తీయువారికి ఈ రెండు ఉదాహరణములును వినిపింపదగినవి. వస్తువులు కొనుటలో భాష యొక చిక్కు. కోట్లా ముబారక్‌పూరు దుకాణములలో గరుకు కాగితము రేగ్‌మాల్, టర్పెంటైను తారపీన్, లప్పము పుట్టీ.

రంగులలో నూనె ఎనామెలు గట్టిది, మెఱుగైనది. కాని తెల్లనిదైనచో వెలుతురు సోకని చోట పసుపువాఱును. వంటయింటికి నీటితో పలుచన చేయు ఎనామెలు మేలు. వాసన తక్కువ, నిప్పు భయము లేదు. నూనె ఎనామెలే కావలయునన్నచో టర్పెంటైను వ్యవహారము తెలిసికొనవలెను. హిమాలయపు దేవదారుజాతి చెట్ల జిగురు నుండి తీయు ఈ తైలము సుమారు 35 డిగ్రీల వేడికే మండదగిన ఆవిరి నిచ్చును. ఢిల్లీలో మే నెల పగటివేడి 40 దాటును. కావున గ్యాసును మీటవద్ద గాక మూలమువద్దనే కట్టివేసి, కిటికీలు తెఱచి, వంట ఆ దినములకు వరండాకో పొరుగువారింటికో మార్చుకొనవలెను. దంపతులిద్దఱును కార్యాలయములకు పోవు ఈ కాలమున ఈ ఏర్పాటు ముందుగా ఇద్దఱును కూర్చుండి నిశ్చయించుకొనవలసినది. అవిసెనూనె తుడిచిన గుడ్డను ముద్దగా మూల పడవేసినచో నిప్పు లేకయే రాజుకొనును. దానిని ఆరుబయట పఱచి ఆఱబెట్టవలెను, లేదా నీటిలో ముంచవలెను.

ఋతువును ఎంచుటలో ఢిల్లీ అంత అనుకూలమైన ఊరు కాదు. వర్షాకాలమున పూత ఆఱదు. జనవరి చలిలోను ఆఱదు. మే జూనులలో ఆంధీ వచ్చి ఎడారి ఇసుకనంతయు తడి తలుపుపై చల్లిపోవును. మిగిలినవి దసరా తరువాతి కొన్ని వారములు, ఉగాదికి ముందు ఫిబ్రవరి మార్చి నెలలు. ఉగాదికి ఎట్లును ఇల్లు దులుపుట మన ఆచారమే.

తలుపులు ఊడదీయునప్పుడు బందు దాగు చోట ప్రతిదానికి సంఖ్య వ్రాసి, మరలను అదే సంఖ్య వ్రాసిన కవరులో ఉంచవలెను. దస్త్రములకు సంఖ్యలు వేయుటలో జీవితము గడపినవారు కూడ ఇంటిలో ఈ పని చేయక, తుదకు ఎనిమిది తలుపులలో ఏది ఎచ్చటిదో తెలియక నిలుచుందురు. తలుపును నిలువుగా గాక నాలుగు ఇటుకలపై వెల్లకిల పఱచి పూసినచో రంగు జాఱి కన్నీటిచారలు కట్టదు. కుంచెను మూడవవంతు మాత్రమే ముంచి, మొదట నగిషీలు, పిదప నడిమి పలక, తుదకు అంచులు పూయవలెను. పలుచని రెండు పూతలు చిక్కని యొక పూతకంటె మేలు. ఎనిమిది చిన్న తలుపులకు రెండు ప్రక్కలును, చట్రమును కలిపి డెబ్బది చదరపు అడుగులనుకొన్నచో, రెండు పూతలకు లీటరున్నర సరిపోవును. దినుసులు నేరుగా తగులు అరల లోపల రంగు వేయకుండుటయే మంచిది. అచ్చట కాగితము పఱచినచో చాలును.

నూనె ఎనామెలు మఱునాటికి చేతికంటదు గాని లోపల గట్టిపడుటకు వారమైనను పట్టును. నీటి ఎనామెలు త్వరగా ఆఱినను పూర్తిగా గట్టిపడుటకు అంతకంటె ఎక్కువ దినములు పట్టవచ్చును. అంతవఱకు తలుపులను బిగించి మూయక, చట్రమునకు తలుపునకు నడుమ మైనపు కాగితము ముక్క నుంచవలెను. మిగిలిన రంగును చిన్న సీసాలో గాలి చొరకుండ నింపి, రంగు పేరు, దుకాణములో ఇచ్చిన సంఖ్య, పూసిన తేదీ దానిపై వ్రాయవలెను. అట్లే ఒక తలుపు లోపలి ప్రక్క మూలకు, క్రొత్త పూత క్రింద ఎన్ని పాత పొరలున్నవో, వానిని పొడిగా గీరరాదనియు ఒక చీటీ అతికించుట అవసరము. బదిలీ ఉత్తరువు ఎప్పుడు వచ్చునో తెలియదు. ఆ ఇంటికి తరువాత వచ్చువారికిని పసిపిల్లలుండవచ్చును.